పెనుకొండ కోతి కాలేయం

పోయిన వేసవిలో, నేను పనిచేసిన ప్రయోగశాలలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసి, కోతికి మత్తుమందు కిలో బరువుకు ఎంత లెక్కన ఇచ్చేవారని అడిగింది. చెప్పాను. సూది ఎంత సన్ననిది వాడాలి, తొడ దగ్గర రక్తనాళం ఎలా దొరకబుచ్చుకోవాలి, ఒక్కో జంతువు నుంచి ఎంతకు మించి రక్తం తీయకూడదు, అన్నీ వరసగా చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. ఫోన్ పెట్టేశాక నాకు మనసు కుదురుగా లేదు. పదమూడేళ్లు చేసిన పనిలో చెప్పవలసినది ఇంకా మిగిలే ఉంది. అడిగిన దానికి మాత్రం లెక్క తప్పకుండా జవాబు చెప్పి ఊరుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

అందుకని ఇది రాస్తున్నాను. పరిశోధన కోసం జంతువుల దగ్గర, మనుషుల దగ్గర నమూనాలు తీసుకునే పనిలోకి వచ్చే పిల్లల కోసం. నా హోదా ఎప్పుడు పెరిగింది, ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టాను అన్న సంగతులు ఇందులో ఉండవు. ఒక కోతి, వేరుశనగకాయలు అమ్మే ఒకామె, మా డైరెక్టర్ గారు, నేను ఉంటాం. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ల పేర్లు మార్చలేదు.

మేము వెతికినది

సెలీనియం ఒక ఖనిజం. నేలలోంచి గింజలోకి, గింజలోంచి మన ఒంట్లోకి వస్తుంది. రవ్వంత చాలు, మించితే విషం. తిన్న సెలీనియం ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ ఒక ప్రొటీన్ తయారై, ఆ సెలీనియాన్ని తనలో ఇముడ్చుకుని రక్తంలోకి దిగుతుంది. రక్తంలోని కణాలన్నీ తీసేస్తే పైన మిగిలే పసుపుపచ్చ ద్రవాన్ని ప్లాస్మా అంటారు. ఈ ప్రొటీన్ ఉండేది అందులో. అక్కడి నుంచి మెదడుకూ మిగతా అవయవాలకూ సెలీనియం మోసుకుపోతుంది.

మనిషికి దగ్గరి జంతువు కోతి. మన జిల్లాలో కోతులు కొన్నాళ్లు చేలల్లో వేరుశనగ పీక్కుని తింటాయి, కొన్నాళ్లు గుళ్ల దగ్గర జనం పెట్టింది తింటాయి. వాటి రక్తంలో ఈ ప్రొటీన్ ఎలా ఉంటుంది, దాన్ని తయారు చేయించే జన్యువు ఎలా ఉంటుంది, మనిషిలో ఉన్నదానికీ దీనికీ తేడా ఏమిటి? ఇదీ మా పని. హిందూపురంలో బెంగళూరు రోడ్డు పక్కన ఒక అద్దె మేడలో మా ప్రయోగశాల ఉండేది. 1996లో చేరాను, 2009లో దిగిపోయాను.

బయటివాళ్లు అనుకునేటంత గొప్పగా ఏమీ ఉండదు ఈ పని. ముప్పాతిక వంతు ఐసు కరగకుండా చూసుకోవడం, గొట్టాల మీద పేర్లు రాయడం, కరెంటు పోతే జనరేటరు వేసే మనిషి కోసం మెట్లు దిగి పరిగెత్తడం. మిగతా పావు వంతు జీవమున్న ప్రాణిని బల్ల మీద పడుకోబెట్టి సూది పెట్టడం. ఆ పావు వంతుకు ఎవరూ మాకు శిక్షణ ఇవ్వలేదు. సూది ఎలా పెట్టాలో నేర్పారు, అంతే.

డైరెక్టర్ గారు

మా డైరెక్టర్ శేషాచలం గారు తెలివైనవారు. కింది ఉద్యోగుల మీద గొంతు పెంచగా నేను వినలేదు. నాకు గొట్టం మీద పేరు ఎలా రాయాలో కూడా ఆయనే నేర్పారు: రాసిన మనిషి రేపు చచ్చిపోయినా ఎల్లుండి ఇంకొకరికి అర్థం కావాలి అనేవారు. ఆ మాట ఇప్పటికీ సరైనదే.

ఆయనలో లోపం ఏమిటంటే, ఎప్పుడూ పెద్దది అడగరు. చిన్నవి అడుగుతారు. మొదట ఒక సిరంజి రక్తం అన్నారు. తరువాత, పట్టినప్పుడే రెండు సిరంజిలు తీస్తే మళ్లీ పట్టే పని తప్పుతుంది కదమ్మా అన్నారు. అదీ నిజమే. ప్రతి మాటా నిజమే. ఒక్కొక్కటి ఒప్పుకుంటూ పోయి వెనక్కి తిరిగి చూస్తే, మొదట్లో ఎవరైనా అడిగితే ఇంతెత్తున లేచే చోట నిలబడి ఉంటాం. ఇలాంటి పెద్దమనిషి మీకూ తగులుతారు. కోపిష్ఠి అధికారి కంటే ఇలాంటివారి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

ఖాదర్‌బీ పూచీ

కోతులను పెనుకొండలో పట్టేవాళ్లం. కొండ మెట్లు మొదలయ్యే చోట ఆంజనేయస్వామి గుడి, దాని ముందు చిన్న బజారు. అక్కడ ఒక టార్పాలిను నీడలో ఖాదర్‌బీ ఉడకబెట్టిన వేరుశనగకాయలు, బొరుగులు అమ్మేది. మొదట ఆమె మామ అమ్మేవాడట, తరువాత మొగుడు, మొగుడు పోయాక ఆమె. ఆ జాగాకు పట్టా లేదు, అద్దె లేదు. వీధివాళ్లు కూర్చోనిస్తారు, ఆమె కూర్చుంటుంది. అంతే ఆమె ఆస్తి. కోతులు ఆమె దగ్గర లాక్కోవు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పుచ్చిపోయిన కాయలు ఏరి విసురుతుంది, తిని పోతాయి.

మేము మొదటిసారి బోను దించిన రోజు గుడి దగ్గరి భజన బృందం వాళ్లు చుట్టూ మూగారు. వాళ్లకు పెద్ద నారాయణప్ప, బట్టల దుకాణం ఆయనది.

"యాడికి ఎత్తకపోతాండారు స్వాముల్ని?" అన్నాడు.

"హిందూపురానికి. కాస్త రక్తం తీసుకుని రేపు ఇక్కడే తెచ్చి వదిలేస్తాం. దానికి అనుమతి ఉంది."

"ముందర గూడ ఎవురో అట్లనే సెప్పి ఎత్తకపోయినారు. ఒగటీ తిరిగి రాల్యా. అనుమతి వాళ్ల దగ్గర గూడ ఉన్నింది."

నేను అనుమతి కాగితం తీయబోతుంటే ఖాదర్‌బీ కూర్చున్న చోటి నుంచే అంది: "నారాయణన్నా, ఆయమ్మ మొగం సూడు రోంత. అబద్దాలు సెప్పే మొగమేనా అది? నవ్వేదానికే రాదు ఆయమ్మకు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, దానితో ఇంకా నవ్వారు.

"అయితే నీ పూచీనా?" అన్నాడు నారాయణప్ప.

"నా పూచీనే. తెచ్చి ఇడుస్తాది. ఇడ్సకపోతే నన్నడుగు."

అలా మొదలైంది. తరువాత రెండేళ్లలో ముప్పై ఒక్క కోతిని తీసుకుపోయాం, ముప్పై ఒకటీ తిరిగి వచ్చాయి. వదిలేటప్పుడు ఖాదర్‌బీ లేచి వచ్చి చూసేది. ఒకసారి, "సూది ఏసినాక వాటికి బలం బిళ్ళలేమన్నా ఇస్తావా మేడమ్మా? ఇస్తే నాకు నాలుగు తెచ్చియ్యి, మోకాళ్లు పట్టుకుపోయినాయి. కావాలంటే నా రగతం గూడ తీసుకో" అంది. తెచ్చి ఇచ్చాను. అవి మామూలు క్యాల్షియం మాత్రలు. కోతి మాత్రలనే చెప్పి వీధిలో అందరికీ చూపించింది.

కోతుల్లో ఒక ముసలి గండుకోతి ఉండేది. ఎడమ చెవి సగం తెగి ఉండేది. ఖాదర్‌బీ దాన్ని దొర అనేది. మిగతావి కాయలు విసిరితే ఎగబడతాయి. అది వచ్చి ఎదురుగా కూర్చుని చెయ్యి చాస్తుంది. "దొర నీకంటే మేలు మేడమ్మా, బేరం ఆడడు" అనేది. పట్టడం కూడా దాన్ని సులువు. ఆమె పిలిచి బోనులో రెండు కాయలు వేస్తే నడిచి లోపలికి పోయేది.

ఒకే చోట నిలిచిన గీత

1998 వేసవి మొదట్లో పెనుకొండ దగ్గర హైవే మీద ఒక ఆడ కోతిని లారీ గుద్దింది. పొద్దున గుద్దితే మాకు మధ్యాహ్నం కబురు వచ్చింది. వెళ్లి దాని కాలేయం తీసుకున్నాం. అప్పటి దాకా మా దగ్గర రక్తమే ఉంది. జన్యువు ప్రతి కణంలోనూ ఉంటుంది, కానీ ఆ ప్రొటీన్‌ను తయారు చెయ్యమనే ఆజ్ఞ ఎక్కువగా వెలువడేది కాలేయంలో. ఆ ఆజ్ఞకు నకలు తీసి, బాక్టీరియాలో పెట్టి, ప్రొటీన్ చేయించి చూడాలి.

చేయించాం. రావలసిన పెద్ద ప్రొటీన్ రాలేదు. చిన్న ముక్క వచ్చింది. దాన్ని జెల్ అనే మెత్తని పలక మీద కరెంటు పెట్టి పరిగెత్తిస్తే, పొడవును బట్టి ఒక చోట సన్నని గీతలా కనబడుతుంది. మూడు సార్లు చేశాను. మూడు సార్లూ అదే చోట అదే గీత.

చచ్చిన కోతి కాలేయం కదా, వేసవి కదా, గంటల తరబడి ఎండలో పడి ఉంది కదా, చెడిపోయి ఆజ్ఞ తెగిపోయిందని నేను డైరెక్టర్ గారికి రాసి ఇచ్చాను. నేనే రాశాను. ఆయన రాయించలేదు.

ఇక్కడ కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు ఒక నిమిషం ఆగి ఆలోచించాలి. చెడిపోయిన వస్తువు ఒక్కో చోట ఒక్కో తీరుగా తెగుతుంది. జెల్ మీద మసి పూసినట్టు కనబడాలి. మాకు శుభ్రంగా ఒకే గీత వచ్చింది. మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. పట్టు పోగు అక్కడక్కడ తెగితే మా నాయన పట్టును తిట్టేవాడు. ఒకే చోట మళ్లీ మళ్లీ తెగితే పట్టును వదిలేసి మగ్గంలో ఎక్కడ గరుకు ఉందో వేలితో తడిమి చూసేవాడు. అది చూస్తూ పెరిగినదాన్ని. జెల్ ముందు కూర్చున్నప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు. ఎలుకలో ఇదే జన్యువు మీద వ్యాసం వచ్చిందని విని ఉన్నాను. అది బెంగళూరులో ఒక లైబ్రరీలో ఉంటుంది. పోయి రావడానికి ఒక రోజు పోతుందని వెళ్లలేదు.

ముప్పై రెండోది

"తాజా కాలేయం కావాలి" అన్నారు డైరెక్టర్ గారు. "చిన్న ముక్కే కదమ్మా. కాలేయం మళ్లీ పెరిగే అవయవం. కుట్లు వేసి వారం ఉంచుకుని వదిలేద్దాం."

"అనుమతి రక్తానికే సార్" అన్నాను.

"అది నేను చూసుకుంటాను. మీరు జంతువు సంగతి చూడండి."

చూశాను. పెనుకొండ వెళ్లి ఎప్పటిలాగే బోను దించాను. ఆ రోజు మూడు దొరికాయి. మొదట దొరికింది దొర. ఖాదర్‌బీయే పిలిచింది.

"ఈన్ని ఎత్తకపోయి శానా దినాలాయె గదా మేడమ్మా. ముసిలోడు. రగతం రోంతే తియ్యి."

"అలాగే" అన్నాను.

వారం అట్టే పెట్టుకుంటామని కూడా చెప్పలేదు. కడుపు కోస్తామని చెప్పలేదు. చెబితే ఆమె ఏమనేదో నాకు తెలుసు. తెలుసు కాబట్టే చెప్పలేదు.

కోసింది బయటి నుంచి వచ్చిన ఒక పశువైద్యుడు. మంచి చెయ్యే. కానీ ముసలి జంతువు, రక్తం కట్టలేదు. చీకటి పడక ముందే పోయింది. డైరెక్టర్ గారు వచ్చి చూశారు. తరువాత, "ఎలాగూ పోయింది, మిగతా కాలేయం కూడా తీసి పెట్టుకుందాం, వృథా కాకుండా" అన్నారు. ట్రే పట్టుకున్నది నేను. ముక్కలు చేసి గొట్టాల్లో వేసి పేర్లు రాశాను. రాత వంకర పోలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

నీళ్లు పోసినప్పుడు

మరునాడు రెండు కోతులను తీసుకుపోయి వదిలాను. దొర మత్తుకు తట్టుకోలేక పోయిందని చెప్పాను. ఖాదర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముసిలోడు అని నేను సెప్పనే సెప్పినా" అంది. నన్ను ఒక్క మాట అనలేదు.

నారాయణప్ప అడిగింది ఒక్కటే. "శవం యాడ ఉండాది?"

మా వైపు కోతి చచ్చిపోతే మనిషికి చేసినట్టే చేస్తారు. స్నానం చేయించి, పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, ఊరేగింపుగా తీసుకుపోయి, భజన చేస్తూ పూడుస్తారు. పదకొండో నాడు వీధికి అన్నం పెడతారు.

"స్వామిని దిక్కులేనోని మాదిరి పారేస్తామా? తెచ్చియ్యండి, మేం సూసుకుంటాం" అన్నాడు.

డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు. ప్రయోగశాల నుంచి శవం బయటికి పోకూడదన్నారు. ఆయనతో నేను గట్టిగా వాదించింది ఆ ఒక్కసారే. వాళ్లకు ఆ మాత్రం మర్యాద మనం బాకీ అన్నాను. సరే, మీ ఇష్టం, నాకు తెలియదు అన్నారు. నేనే కుట్లు మళ్లీ దగ్గరగా వేసి, కడిగి, ఐసు మీద పెట్టుకుని జీపులో తీసుకుపోయాను. దారి పొడుగునా నేను మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

గుడి పక్కన పీట వేసి సిద్ధంగా ఉన్నారు. డప్పులు వచ్చాయి. వీధంతా దుకాణాలు మూసేశారు. స్నానం ఎవరు చేయించాలన్న దగ్గర కాస్త తటపటాయించారు.

"ఎవురేంది? సాకిండేది ఆయమ్మ. ఆయమ్మే పొయ్యల్ల నీళ్లు" అన్నాడు నారాయణప్ప.

ఒక కుర్రవాడు ఏదో గొణిగాడు. "నీకేమన్నా అడ్డమా? నువ్వు ఎప్పుడన్నా ఒగ కాయ పెట్నావా దానికి?" అన్నాడు నారాయణప్ప. వాడు తగ్గాడు.

ఖాదర్‌బీ కొంగు బిగించి కూర్చుంది. తల మీద నీళ్లు పోసింది. తెగిన చెవి వెనక రుద్దింది. పసుపు తీసుకుని ఛాతీ మీదుగా కిందికి రాసింది. చెయ్యి ఆగింది.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమె వేళ్లు కుట్ల వెంబడి ఆ చివరి దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాయి. సూది గుచ్చితే పడే గాయం ఎంతో, కోస్తే పడేది ఎంతో ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు. తల ఎత్తి నన్ను చూసింది. తరువాత పక్కనున్న పసుపు గుడ్డ లాగి మెడ దాకా చుట్టింది.

"గుడ్డలు కట్టినా. మొగం సూసుకోండి, సాలు" అంది గట్టిగా.

దండలు వేశారు. తట్టలో ఒక దండ మిగిలితే నారాయణప్ప అది తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాలుగు మాటలు కూడా మాట్లాడాడు. "ఇంగెవురన్నా అయింటే యాడన్నా గుంతలో పారేసిందురు. డాక్టరమ్మ మాట నిలబెట్టుకునింది. ఖాదర్‌బీ పూచీ నిలబడింది" అన్నాడు. జనం నాకు దారి ఇచ్చారు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

నేను తట్టుకోలేకపోయాను. "మీరు అనుకుంటున్నది నిజం కాదు" అన్నాను. "మత్తు వల్ల పోలేదు. కాలేయం కోసం కడుపు కోశాం. మీకు చెప్పకుండా కోశాం. గుడ్డ విప్పితే కుట్లు కనబడతాయి."

డప్పులవాళ్లు ఆపేశారు. నారాయణప్ప నా వైపు చూడలేదు. ఖాదర్‌బీ వైపు తిరిగాడు.

"నువ్వు నీళ్లు పోసినావు గదా. సూసినావా?"

"సూసినా."

"మరి సెప్పల్యా?"

"పూడ్సేది కానీ అని ఊరకుంటి, అన్నా."

"నీ పూచీ మీదనే గదా ఇచ్చింది మేము."

ఆమె దొర మీది గుడ్డ సర్దింది. ఇందాక గొణిగిన కుర్రవాడే, "ఇద్దురూ ఒగటే. కలిసే ఎత్తకపోయినారు" అన్నాడు. ఈసారి వాణ్ని ఎవరూ ఆపలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన జీపు దాకా వచ్చి, "పోండి మేడమ్, నిలబడద్దండి ఈడ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మా వెనక మళ్లీ డప్పులు మొదలయ్యాయి.

తరువాత జరిగింది ఇది. ఖాదర్‌బీని ఆ వీధిలో ఎవరూ లేచి వెళ్లమనలేదు. కొనడం మానేశారు. గుడికి వచ్చేవాళ్లు ఆమెను దాటిపోయి బస్టాండు దగ్గర కొన్నారు. ఆమె కొన్నాళ్లు రోజూ వచ్చి కూర్చుంది, ఉడకేసినవి సాయంత్రానికి కోతులకే పోసింది. తరువాత రావడం మానేసింది.

ఈ సంగతి నేను ఎన్నో విధాల ఆలోచించాను. నేను నోరు విప్పనంత సేపు ఆమె చేసింది దొరకు గుడ్డ కప్పడమే. నేను నోరు విప్పిన క్షణాన అది నిజం దాచడమైంది. నిజం చెప్పానని ఆ రోజు సాయంత్రం జీపులో నాకు గుండె తేలికగా ఉంది, హిందూపురం చేరేదాకా ఉంది. ఆ తేలిక ఎవరి నెత్తిన దించిన బరువో అప్పటికి నాకు తెలియదు. చెప్పవలసింది బోను దించినప్పుడు. అప్పుడు చెప్పి ఉంటే దొరను ఇచ్చేవారు కాదు, అంతే. ఎవరికీ ఏమీ పోయేది కాదు.

లైబ్రరీ

దొర కాలేయంతో మళ్లీ చేశాను. తాజాది, ఒక్క నిమిషం కూడా ఎండ తగలనిది. జెల్ మీద అదే గీత, అదే చోట.

అప్పుడు బెంగళూరు బస్సు ఎక్కాను. లైబ్రరీలో ఆ వ్యాసం దొరకడానికి పావుగంట పట్టింది. జన్యువు ఆజ్ఞలో మూడేసి అక్షరాలకు ఒక్కో అర్థం ఉంటుంది. వాటిలో ఫలానా మూడు అక్షరాలు వచ్చాయంటే ప్రొటీన్ తయారీ అక్కడితో సరి అని మేమంతా చదువుకున్నాం. ఈ జన్యువులో ఆ మూడే నడుమ నడుమ, పది చోట్ల వస్తుంది. కాలేయం అక్కడ ఆపదు. సెలీనియం ఉన్న ఒక ముక్కను అక్కడ అతికించి ముందుకు పోతుంది. ఆ ప్రొటీన్ సెలీనియం మొయ్యగలిగేది అందువల్లే. బాక్టీరియాకు కోతి కాలేయం పద్ధతి తెలియదు కాబట్టి మొదటి చోటే ఆపేసి చిన్న ముక్క ఇచ్చింది. ఎలుకలోనూ మనిషిలోనూ ఇది కొన్నేళ్ల కిందటే తేలిపోయిన సంగతి.

అంటే లారీ గుద్దిన కోతి కాలేయంలో తప్పేమీ లేదు. దొర అవసరమే లేదు.

డైరెక్టర్ గారికి చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే మొదటిదే సరిపోయేదన్నమాట" అన్నారు. తరువాత, "పోనీలెండి, ఇప్పుడు తెలిసింది కదా" అన్నారు. ఆయన రాయి కాదు. ఆ వారమంతా భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోవడం చూశాను. కానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 2001లో కోతిలోని ఈ జన్యువు మొత్తం అక్షరం అక్షరం చదివి వ్యాసం వేశాం. తప్పుల్లేని పని. నమూనాలు ఎక్కడివని ఒక వాక్యం ఉంది: పెనుకొండ పరిసరాలవి. ఆ వాక్యం కూడా నిజమే.

ఆ పైన కూడా చాలా కోతులకు సూది పెట్టాను. ఒక్క పద్ధతి మాత్రం మార్చుకున్నాను. ఏం తీస్తామో, ఎంతసేపు ఉంచుకుంటామో, చచ్చిపోయే అవకాశం ఎంతో, బోను దించక ముందే ఆ చోటి వాళ్లకు వాళ్ల మాటల్లో చెప్పేదాన్ని. వద్దంటే బోను ఎక్కించుకుని వెనక్కి వచ్చేదాన్ని. ఓబుళదేవరచెరువులో ఒకసారి, బత్తలపల్లిలో రెండుసార్లు ఉత్త చేతులతో వచ్చాం. పని ఆలస్యమైంది. అంతకు మించి ఏ నష్టమూ జరగలేదు.

ధర్మవరం

నారాయణప్ప దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి దుకాణంలో లేనని చెప్పించాడు. రెండోసారి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

"కోసేది ఆమెకు తెలియదు. తప్పు నాది" అన్నాను.

"తెలుసు మేడమ్. మేం పొమ్మన్లేదు ఆయమ్మను. జనం కొనల్యా. జనాన్ని నేను కొనిపించేదానికి అయితాదా?" అన్నాడు. ఆ జాగాలో అప్పటికే ఎవరో టెంకాయలు పెట్టుకున్నారు.

2003లో మా తమ్ముడి కూతురికి చీర తియ్యడానికి ధర్మవరం వెళ్లాను. రైలు దిగి స్టేషను బయటికి వస్తే, మెట్ల పక్కన ఒక గోనె పట్ట మీద ఖాదర్‌బీ. చిక్కిపోయి ఉంది. ముందు గంపలో వేరుశనగకాయలు ఆవిరి పోతున్నాయి.

"ఓ, మేడమ్మా. ఎంట్రుకలన్నీ తెల్లగైపోయినాయే నీకు" అంది.

చెల్లెలి ఇంట్లో ఉంటున్నదట. రైళ్లు వచ్చే వేళకు ఇక్కడికి వస్తుందట. పెనుకొండ కంటే బేరం ఎక్కువేనా అని అడిగాను.

"ఆడ కూసునుంటే నాకు పేరుండె. ఖాదర్‌బీ ఎట్లుండావు అనేటోళ్లు. ఈడ ఏమే, ఎంత, అంటారు. అంతే."

నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అన్నీ చెప్పాను. మొదటి కాలేయం చెడిపోలేదని, నేను చదవక పోవడం వల్ల దొర ఉత్తపుణ్యానికి పోయిందని, నారాయణప్ప దగ్గరికి వెళ్లానని. ఆమె పొట్లాలు చుడుతూ విన్నది.

"ఆ పొద్దు గుడ్డ ఎందుకు కప్పావు?" అని అడిగాను.

"నీ కోసరం అనుకున్యావా? కాదు. పోయిండేది నేను సాకిండే జీవం. పూడ్సేదాక గలాటా వద్దనుకుంటి. మర్సనాడు నేనే నారాయణన్నకు సెప్పుకుంటాంటి, ఎట్ల సెప్పల్లో అట్ల. మా వీధోళ్లకు ఎట్ల సెప్పల్లో నాకు తెలుసు గదా. నువ్వు రోంత సేపు ఓర్సుకోల్యా. నీకు ఊపిరాడల్యా. సెప్పేసి నువ్వు ఊపిరి తీసుకున్యావు, నా నోట్లో మన్ను పడె."

"నేను మళ్లీ పెనుకొండ పోయి, గుడి ముందు నిలబడి అందరికీ చెబుతాను."

"ఒద్దు తల్లీ. నువ్వింగ యాడా సెప్పద్దు. సెప్పేది నీకు సుఖమైపోయింది."

కోపంగా అనలేదు. మోకాళ్లు నొప్పి అన్నంత మామూలుగా అంది. నేను సంచిలో చెయ్యి పెట్టాను. "దుడ్లు తియ్యద్దు. కాయలు కావల్నంటే కొను, ల్యాకుంటే ల్యా" అంది.

"మరి నన్నేం చెయ్యమంటావు ఖాదర్‌బీ?"

లోపల బండి వచ్చి ఆగింది. జనం మెట్ల వైపు వస్తున్నారు. ఆమె గంప మీది గుడ్డ తీసి, నా వైపు చూడకుండానే చేత్తో పక్కకు అన్నట్టు సైగ చేసింది.

"లేసి అట్ల పో మేడమ్మా. బేరం వచ్చే దావలో కూసునుండావు."

లేచాను. నేను కూర్చున్న చోట ఒకాయన పెట్టె దించి, రెండు పొట్లాలు కట్టమన్నాడు.